కొండ మనుషుల అనుమానం

జనవరిలో ఈ అరబ్బు ఎడారి ఊరు అల్ ఖర్జ్‌లో సాయంత్రాలు చల్లబడతాయి. నిన్న బజారులో నడుస్తుంటే ఎక్కడినుంచో పనసపిక్కలు కాల్చిన వాసన వచ్చింది. ఈ ఊళ్లో పనసపిక్కలేమిటని వెతికితే, మలుపు దగ్గర ఒక ముసలాయన నిప్పుల మీద చిల్లుల పెనం పెట్టుకుని చెస్ట్‌నట్లు కాలుస్తున్నాడు. ఇక్కడివాళ్లు వాటిని అబూ ఫర్వా అంటారు. ముదురు గోధుమరంగు పెంకు, ఒక పక్క బల్లపరుపుగా ఉంటుంది. పొట్లం కొని ఒక కాయ చేతిలోకి తీసుకున్నాను. వెంటనే తినలేదు. చెవి దగ్గర పెట్టి ఆడించాను, వాసన చూశాను, గోటితో రెండుగా చీల్చి లోపలికి చూశాను. మా గదిలో ఉండే అమ్మాయి పక్కనుంచి నవ్వింది. "అదేమన్నా పరీక్ష పేపరా సువార్తా? తినవే బాబూ!" అంది.

అలా చూడడం నాకు నేర్పింది లిడియా మేడమ్. పురుగు లేదని తేలేదాకా ప్రతి కాయలోనూ పురుగు ఉన్నట్టే లెక్క అనేవారు ఆవిడ. కాయల సంగతే కాదు, పాలైనా మనుషులైనా ఆవిడ చూపు అదే. నేను ఆవిడ కింద రెండేళ్లు పనిచేశాను. ఆ రెండేళ్లలో ఆవిడను నేను నమ్మిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ నన్ను నమ్మిన రోజులు అంతకన్నా తక్కువ.

మా డెయిరీ ఫారం ఊరి బయట ఇసుక మైదానంలో ఉంది. పైకప్పు నుంచి నీటి తుంపర చల్లే ఫ్యాన్ల కింద ఆవులు వేలల్లో నిలబడి ఉంటాయి. పాలూ, లబన్ అనే ఇక్కడి మజ్జిగా సీసాల్లో నింపే ఫ్యాక్టరీ ఒక పక్క. దాని వెనకాల ఎవరూ పట్టించుకోని చిన్న గది మాది, చీజ్ గది. బండి చక్రాల్లాంటి గట్టి చీజ్ తయారుచేయడానికి లిడియా మేడమ్‌ను ఇటలీ నుంచి పిలిపించారు. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి. ఆవిడ పట్టుబట్టి నలభై ఆవుల్ని విడిగా కట్టించారు. వాటికి ఎండు లూసర్న్ గడ్డి తప్ప మరొకటి పెట్టకూడదని షరతు. ఆ నలభై ఆవుల పాలు పరీక్ష చేయడం నా ఉద్యోగం. పాల డిప్లొమా చదివి గోదావరి పక్కనుంచి నేరుగా ఇక్కడికే వచ్చాను.

చేరకముందే మెస్సులో హెచ్చరించారు. ఆవిడ జేబులో నీలం అట్ట నోటుబుక్కు ఉంటుందనీ, అందులో అందరి తప్పులూ రాస్తారనీ, నాకు ముందున్న అమ్మాయి కాంట్రాక్టు ఆ పుస్తకం వల్లే పోయిందనీ చెప్పారు. నమ్మాను. చెడు కబురైతే నేను తొందరగా నమ్ముతాను. మొదటి రోజు ఆవిడ రెండు గ్లాసుల పాలు నా ముందు పెట్టి, "ఏది మంచిది?" అని అడిగారు. నేను మెషీన్ ఇచ్చిన చీటీ వైపు చూశాను. ఆవిడ దాని మీద చెయ్యి పెట్టేశారు. "నేను మెషీన్‌ని అడగలేదు. నీ ముక్కును అడిగాను." ఎడమవైపు గ్లాసులో ఏదో తేడా తెలుస్తూనే ఉంది. అయినా "రెండూ బాగున్నాయి" అన్నాను. "ఎడమది నిన్నటిది" అని నవ్వి, నీలం పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఆ రోజు నా డైరీలో నేనూ ఒక పేజీ నిండా రాశాను. నా రాత తెలుగు, ఆవిడ రాత ఇటాలియన్. ఒకరిది ఒకరికి చదవడం రాదు.

ఆ గదిలో మూడో మనిషి లింగయ్య. జగిత్యాల వైపు నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. పాలు విరిచాక పిండే గుడ్డలు ఉతకడం, చీజ్ చక్రాలను రోజూ తిప్పిపెట్టడం, చెక్క అరలు తుడవడం ఆయన పనులు. నేను మా ఊరి అలవాటుగా బాబాయ్ అంటే ఒప్పుకోలేదు. "బాబాయేంది? కాకా అను బిడ్డా. బాబాయంటే ఎవల్నో పిలిసినట్టున్నది" అన్నాడు. లిడియా మేడమ్‌కు ఆయన పెట్టిన పేరు పోలీసు ముసలమ్మ. ఆవిడ ముందే అనేవాడు.

"మెల్లగా కాకా, వింటారు."

"వింటే ఏమైతది? ఆమెకు తెలుగస్తదా?"

వారానికి ఒకసారి ఆవిడ చిన్న ఇనుప సుత్తి పట్టుకుని అరల మధ్యకు వెళ్లేవారు. ఒక్కో చక్రాన్ని పైనా కిందా పక్కలా మెల్లగా తట్టి, చెవి ఒగ్గి వినేవారు. లోపల ఖాళీ ఏర్పడితే చప్పుడు మారుతుంది. లింగయ్య చేతులు కట్టుకుని వెనకాలే నడిచేవాడు. "కుమ్మరోని కాడ కుండ కొట్టి సూసినట్టు సూస్తది. గింత అనుమానం పెట్టుకోని ఎట్ల బతుకుతరో ఏమో!" అనేవాడు నాతో. ఒకసారి ఆవిడ ఒక చక్రం తట్టి, ఆయన వైపు తిరిగి "గుడ్" అన్నారు. "గుడ్డంట. ఇయ్యాల వాన పడ్తది సూడు" అన్నాడు. ఈ ఎడారిలో జూన్ నెలలో మబ్బు జాడే ఉండదు. నేను నవ్వాపుకోలేక చెయ్యి కడుక్కునే నెపంతో బయటికి పోయాను.

పాలు గడ్డకట్టడానికి అరగంట పట్టేది. ఆ అరగంట ఆవిడ స్టూలు మీద కూర్చుని, పాల మీద చూపు తిప్పకుండా, ముక్కల ముక్కల ఇంగ్లీషులో తమ కొండల గురించి చెప్పేవారు. ఇటలీ నడుమ వెన్నెముకలా సాగే కొండల్లో ఆవిడ ఊరు. వాకిలంత చదును నేల కూడా లేని చోటట. వాలు మీద రాళ్లు పేర్చి, మట్టి జారకుండా కట్టలు కట్టి, ఆ పట్టీల్లో ఉల్లీ బంగాళాదుంపా వేసుకుంటారు. గడ్డి కోతకు యంత్రం పెడితే దొర్లిపోతుంది, అందుకని పొడుగు పిడి కొడవలితోనే కోసేవారు. ఇంకా పైకి పోతే చెస్ట్‌నట్ అడవి. గోధుమ పండని ఆ ఊళ్లకు అదే రొట్టె. అడవిలోనే రెండంతస్తుల రాతి గుడిసెలు ఉంటాయి. కింద నెలకు పైగా సన్నని మంట పెట్టి, పై అటక మీద కాయలు ఎండబెట్టి, తర్వాత పిండి పట్టిస్తారు. కింద మైదానంలో టైల్స్ ఫ్యాక్టరీలు వచ్చాక పడుచువాళ్లు దిగిపోయారు. గుడిసెల కప్పులు కూలాయి. "మా దగ్గర కొండలున్నాయి, పాలు లేవు. ఇక్కడ పాలున్నాయి, కొండ లేదు. నేను పాల వెంట వచ్చాను" అనేవారు.

అక్కడి బతుకంతా అనుమానం మీదే నడిచేదని ఆవిడ గొప్పగా చెప్పుకునేవారు. పుట్టగొడుగుల కాలంలో మంచి చోటు ఎవరికీ చెప్పరట, కడుపున పుట్టినవాళ్లకు కూడా. ఆవిడ అమ్మా పిన్నీ ఒకే గోడకు అటూ ఇటూ కాపురం. తెల్లవారగానే ఒకరు తూర్పుకూ ఒకరు పడమరకూ బయల్దేరి, బుట్ట మీద ఆకులు కప్పుకుని, కొండంతా చుట్టి, చివరికి ఒకే చెట్టు కింద ఎదురుపడ్డారట. "ఇద్దరూ తప్పిపోయిన మేక కోసం వచ్చామన్నారు" అని ఆవిడ ఆగి, "ఇద్దరికీ మేక లేదు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

పాల కథ మాత్రం వేరు. ఊరి ఇళ్లన్నీ పొద్దునా సాయంత్రం తమ పాల డబ్బాలు తెచ్చి ఒకే రాగి గంగాళంలో పోసేవారు. ఎవరి చీజ్ వాళ్లది కాదు, అందరి పాలూ కలిసి ఒక చక్రం. ఒక డబ్బాలో చెడు ఉంటే అది నెలలు గడిచాక గానీ బయటపడదు. అప్పుడు చక్రం ఉబ్బి పగులుతుంది. ఎవరి డబ్బాయో తేలదు. ఒక చలికాలం చక్రాలు అలాగే ఉబ్బాయి. గుంటలో తొక్కి మగ్గబెట్టిన గడ్డి, మనం పాతరగడ్డి అంటామే, అది మేసిన ఆవుల పాల వల్ల అలా అవుతుంది. ఆ ఊళ్లో అది నిషిద్ధం. వేలు లిడియా మేడమ్ నాన్న మీదికి పోయింది. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వసంతమంతా వాళ్ల పాలు గంగాళంలోకి రానివ్వలేదు. ఇంట్లో పందులకు పోశారు. ఆ తర్వాత, వాళ్ల పాలు కలవని చక్రాలు కూడా ఉబ్బాయి. "అప్పుడు మీ నాన్నకు క్షమాపణ చెప్పారా?" అని అడిగాను. "ఒక పొద్దున పాల తూకం దగ్గర మళ్లీ ఆయన పేరు పిలిచారు. అంతే" అన్నారు.

ఆవిడ ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారని నా అనుమానం. నా నోట ఏదో చెప్పించాలని చూస్తున్నారేమో. అదీ డైరీలో రాసుకున్నాను.

నా రెండో ఏడాది మంచి ఎండల్లో ఒక మూడు రోజులు. ఉదయం పాలు వచ్చి మూత తీయగానే ఒక వాసన తగిలింది. తడిసిన చింతపండూ, ఎండకు పులిసిపోయిన కల్లూ కలిస్తే ఎలా ఉంటుందో అలాంటిది, చాలా పలచగా. మెషీన్ పెట్టి చూశాను. వెన్న, పులుపు, నీళ్లు, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. లిడియా మేడమ్ ఆ మూడు రోజులూ మెడకు గుడ్డ చుట్టుకుని, కొంచెం ముక్కుతో మాట్లాడుతున్నారు. పాల మీదికి వంగి, లేచి, నా వైపు చూసి "వాసన?" అని అడిగారు. మొదటి రోజు తర్వాత మళ్లీ అలా అడిగింది లేదు, తనే చూసుకునేవారు. ఇది మళ్లీ రెండు గ్లాసుల పరీక్ష అనుకున్నాను. జలుబు నటిస్తున్నారు, నేను ఏదో ఒకటి అంటే నవ్వుతారు, నీలం పుస్తకం తీస్తారు. "నార్మల్ మేడమ్" అన్నాను. రిజిస్టర్‌లోనూ అదే రాశాను. రెండో రోజూ, మూడో రోజూ అంతే. చింతపండూ కల్లూ అన్న మాట నాకు నచ్చింది. దాన్ని సాయంత్రం డైరీ కోసం దాచుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒక వారం ఆవిడ సుత్తితో తడుతూ పోతూ మూడో అర దగ్గర ఆగిపోయారు. మళ్లీ తట్టారు. నాకే తెలిసిపోయింది, డప్పు కొట్టినట్టు వినిపించింది. లింగయ్య కట్టుకున్న చేతులు విప్పేశాడు. వరసగా మూడు రోజుల చక్రాలు, దాదాపు అరవై, నడుము దగ్గర ఉబ్బి ఉన్నాయి. రెండు అప్పటికే పగిలాయి. మర్నాటికి ఫారం మేనేజర్ వచ్చి ముక్కు మూసుకుని చూసి వెళ్లాడు. కారణం కావాలన్నాడు. లిడియా మేడమ్ అరల వైపు చూసి, "గుడ్డలు సరిగా ఉడకబెట్టకపోతే ఇలా కావచ్చు" అన్నారు. గుడ్డలు ఎవరి పనో అందరికీ తెలుసు. మేనేజర్ అక్కడే, "అయితే అతనికి ఎగ్జిట్ వేసేద్దాం. రేపు ఉదయం కాగితం మీద సంతకం చేద్దాం" అన్నాడు. ఎగ్జిట్ అంటే వీసా కొట్టేసి ఇంటికి పంపేయడం.

లింగయ్యకు ఆ ఒక్క మాట అర్థమైంది. మేనేజర్ పోయాక నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపి చూపించాడు.

"నువ్వన్న చెప్పు బిడ్డా, ఇంగ్లీషుల. ఒక్కపూట గూడ సల్లనీళ్లల్ల ఉతకలే. మసిలిన నీళ్లే. సూడు, తోలు ఊడిపోయింది. నా బిడ్డ నర్సింగు ఇంక రొండేండ్లున్నది. గిప్పుడు తోలిస్తే దాని సదువు ఆగుతది."

"చెబుతాను కాకా" అన్నాను. ఏం చెప్పాలో అప్పటికి నాకు తెలియదు. ఆ చక్రాల మీదున్న తేదీలు చూసుకుని, గదికి వెళ్లి డైరీ తీశాను. మూడు తేదీలూ ఉన్నాయి. చింతపండూ కల్లూ కూడా ఉంది, అందమైన వాక్యంలో. చెబితే నా ఉద్యోగం పోవచ్చు. ఆ డైరీలో ఇంకా ఏమేమి ఉన్నాయో అదీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే చీజ్ గదికి వెళ్లి ఆవిడ ముందు డైరీ పెట్టాను. చదవమన్నారు. ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. వాసన దగ్గర ఆపాను.

"ఆగకు. పేజీ ఇంకా ఉంది."

"అది నా సొంత సంగతి మేడమ్."

"ఇవాళ రాసి తెచ్చావో, నాలుగు నెలల కింద రాశావో నాకెలా తెలుస్తుంది? మొత్తం చదువు."

చదివాను. ఆవిడ జలుబు నటిస్తున్నారనీ, నన్ను పట్టుకోవడానికి వల వేస్తున్నారనీ రాసింది చదివాను. నిన్నటి పేజీ తిప్పించారు. తప్పు తీసుకెళ్లి లింగయ్య మీద పెడతారు, అది ఆవిడకు తేలిక అని రాసి ఉంది. అదీ చదివాను.

ఆవిడ గుడ్డ తీసుకుని మా పాల గంగాళం అంచు తుడిచారు. "రెండో అనుమానం నిజం" అన్నారు చివరికి. "అతనికి ఇంగ్లీషు రాదు. తన తరఫున మాట్లాడుకోలేడు. నాకు ముందు అతనే గుర్తొచ్చాడు. మా ఊళ్లో కూడా అంతే జరిగింది కదా." గుడ్డ పక్కన పెట్టి, "మొదటిది తప్పు. ఆ మూడు రోజులు నా ముక్కు పనిచేయలేదు. చెబితే ముసలిదైపోయిందని పంపేస్తారు. అందుకని నీ ముక్కు అరువు తీసుకున్నాను. నువ్వు ఒక్క మాట అని ఉంటే ఆ పాలు లబన్‌కి పోయేవి. అరవై చక్రాలు!" అన్నారు. అరవై అన్నప్పుడు ఆవిడ గొంతు లేచింది. తిట్టినా బాగుండేదనిపించింది.

అంతటితో నన్ను నమ్మేశారని కాదు. డైరీలో ముందు పేజీలూ వెనక పేజీలూ తిరగేసి, సిరా రంగు చూసి, కుట్టు దగ్గర కాగితం చించి అతికించానేమో అని కూడా వేలితో తడిమారు. తర్వాత టోపీ పెట్టుకుని, ఆ ఎండలో, మేత షెడ్డు దాకా నడిచి వెళ్లారు. వెనకాలే నేనూ వెళ్లాను. అక్కడి సూపర్‌వైజర్ మొదట ఏమీ లేదన్నాడు. ఆవిడ అతని మేత చీటీల కట్ట అడిగి తీసుకుని ఒక్కొక్కటే చూశారు. ఎండుగడ్డి లారీ చెడిపోయి మూడు రోజులు రాలేదు. మా నలభై ఆవులకూ పెద్ద మందతో పాటు పాతరగడ్డే వేశారు. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మేనేజర్ ముందు ఆవిడ చెప్పిందంతా నాలుగు ముక్కలు. "పాలు చెడ్డవి. కారణం మేత. నాకు జలుబు, దాచాను. ఈ అమ్మాయికి వాసన తెలిసింది, చెప్పలేదు. ఆ మనిషి గుడ్డలు శుభ్రంగానే ఉతికాడు." నన్ను వెనకేసుకు రాలేదు, తననూ వెనకేసుకు రాలేదు. లింగయ్య కాగితం చింపేశారు. నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. మూడు నెలల తర్వాత ఆవిడ కాంట్రాక్టు ముగిసింది, మళ్లీ పొడిగించలేదు. ముక్కు సంగతి ఒప్పుకున్నందుకేనా, అరవై చక్రాల నష్టానికా, ఆవిడే వద్దనుకున్నారా, నాకు ఇప్పటికీ తెలియదు. వెళ్లే రోజు ధైర్యం చేసి, ఆ నీలం పుస్తకంలో నా గురించి ఏం రాశారని అడిగాను. తీసి నా చేతిలో పెట్టారు. "చదువుకో" అన్నారు. పేజీల నిండా ఇటాలియన్. నా పేరు రెండు మూడు చోట్ల కనిపించింది. దాని పక్కన ఏముందో ఆవిడ చెప్పలేదు. పుస్తకం తీసుకుని జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆవిడను తలుచుకుంటే నాకు ప్రేమ అన్న మాట తొందరగా రాదు. కానీ ఆ తర్వాత ఎంత చిన్న తేడా తగిలినా ముందు రిజిస్టర్‌లో రాస్తున్నాను. చింతపండు అనిపిస్తే చింతపండు అనే రాస్తాను. ఆవిడ చోటికి వచ్చిన కొత్త సూపర్‌వైజర్ నవ్వుతాడు. నవ్వనీ అనుకుంటాను, ముఖం మాత్రం ఎర్రబడుతుంది. డైరీలో పేజీలు తగ్గాయి.

లింగయ్యకు సంగతంతా కాగితం చింపేసిన రోజే చీజ్ గదిలో తెలిసింది. నేనే చెప్పాను. విని, గుడ్డలు పిండుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"నాలుగు నెల్లు నీకు ఎర్కనే ఉండెనా బిడ్డా?"

"ఉంది కాకా."

"నన్ను ఎల్లగొడ్తమన్నంక యాదికొచ్చిందా?"

నేను బకెట్లో మిగిలిన గుడ్డ తీసి అందించాను. "మంచిదే. యాదికన్న వచ్చింది" అని గుడ్డ దులిపి తీగ మీద ఆరేశాడు.

ఇప్పుడు చీజ్ గదిలో మేమిద్దరమే పాతవాళ్లం. ఇంకా బిడ్డా అనే పిలుస్తాడు, ఊరి నుంచి వచ్చిన సకినాలు కాగితంలో చుట్టి తెచ్చిస్తాడు, కూతురు పాసైన సబ్జెక్టుల పేర్లు నాచేత చదివించుకుంటాడు. అయితే పొద్దున పాలు వచ్చి, నేను వాసన చూసి బాగున్నాయి అన్నాక, ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టి, దగ్గరికి వచ్చి, తనూ వంగి చూస్తాడు. అది ఆయన పని కాదు. ఎవరూ చెప్పలేదు. ఆయన తల ఎత్తేదాకా నేను రిజిస్టర్‌లో అక్షరం పెట్టను.